చూడని పనికి సంతకం: ఇంజనీరింగ్‌లో అవినీతి అసలు ఎక్కడ మొదలవుద్ది

పోయిన నెల ఒకరోజు రాత్రి తొమ్మిదింటప్పుడు గుంటూరు నుంచి ఫోన్. మా ఫ్రెండ్ వాళ్ల అబ్బాయి, గవర్నమెంటులో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. "బాబాయ్, ఒక డౌటు" అన్నాడు. వాడి సీట్లో ముందున్నాయన ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు, ఆయన టైంలో చేసిన ఒక డ్రెయిన్ పనికి ఎంబుక్, అంటే కొలతల పుస్తకం, రాయలేదంట, ఇప్పుడేమో బిల్లు పెట్టాలి, చూస్తే కింద బెడ్ కాంక్రీటు ఎప్పుడో పోసేశారు, పైన గోడలు లేచినయ్, పక్కన మట్టి కూడా కప్పేశారు. కాంట్రాక్టర్ మనిషి ఒక కాగితం మీద కొలతలు రాసుకొచ్చి "సార్, ఇవి ఎక్కించి సంతకం పెట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడంట. డబ్బులిస్తానని వాళ్లనలేదు, వీడూ అడగలేదు. "పని జరిగింది నిజమే కదా బాబాయ్, ఇందులో తప్పేముంది?" అని వాడి ప్రశ్న.

వెంటనే జవాబు చెప్పలేకపోయా. ఇలాంటి సంతకం నేనూ ఒకటి పెట్టున్నా కాబట్టి. దాని సంగతి కాసేపట్లో చెప్తా.

అవినీతి అనగానే మనకి పేపర్లో వచ్చే ఫొటోనే గుర్తొస్తది. టేబుల్ మీద పరిచిన అయిదొందల నోట్లు, తలొంచుకుని కూర్చున్న ఆఫీసరు, వెనకాల ఏసీబీ వాళ్లు. కానీ ఆ కవరు చేతులు మారే టైముకి అసలు కథ అయిపోయి చాలా రోజులవుద్ది. కాంట్రాక్టరు ఇచ్చే డబ్బు వాళ్ల ఇంట్లోంచి తేడు కదా, ఆ పనిలోంచే తీయాలి, పనిలోంచి తీయాలంటే చేయనిదాన్ని చేసినట్టు, తక్కువ వేసినదాన్ని నిండుగా వేసినట్టు ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి. అది లీడర్లు రాసే కాగితం కాదు, క్లర్కు రాసేదీ కాదు. రాయగలిగేది ఇంజనీరు ఒక్కడే. అందుకే పైనుంచి కిందదాకా ఎన్ని ఒత్తిళ్లున్నా చివరికి అందరూ వచ్చి ఆగేది ఒక ఏఈ పెన్ను దగ్గర.

ఎంబుక్ గురించి బయటివాళ్లకి తెలీదు కాబట్టి రెండు ముక్కలు. ఎంబుక్ అంటే మెజర్‌మెంట్ బుక్, బ్రిటిష్ వాళ్ల పీడబ్ల్యూడీ కాలం నుంచి వస్తున్న పద్ధతి. పేజీలకి నంబర్లుంటయ్, చింపకూడదు, చెరపకూడదు, తప్పు పడితే గీత కొట్టి పక్కన పొట్టి సంతకం చేయాలి. ఏఈ సైటుకెళ్లి టేపు పట్టి పొడవు, వెడల్పు, మందం రాస్తాడు, ఆయన పైనుండే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చెక్ మెజర్‌మెంట్, అంటే మళ్లీ కొలిచి సరిచూడటం చేస్తాడు, ఆ పైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కొంత శాంపిల్‌గా చూసుకుని బిల్లు పాస్ చేస్తాడు. ఒకే పనిని మూడు జతల కళ్లు చూడాలన్నది దీని వెనకున్న ఆలోచన. జరిగేదేంటంటే ఈఈ డీఈ సంతకాన్ని నమ్ముతాడు, డీఈ ఏఈ సంతకాన్ని నమ్ముతాడు, ఏఈ కాంట్రాక్టర్ మనిషి తెచ్చిన చీటీని నమ్ముతాడు. మూడు సంతకాలూ కలిసి నిలబడింది ఆ చీటీ మీద అన్నమాట. ఇప్పుడు చాలాచోట్ల ఇదంతా కంప్యూటర్లోకి ఎక్కింది, బాగానే ఉంది, కానీ కంప్యూటర్ కూడా మనం కొట్టిన అంకెనే నమ్ముద్ది.

ఇంకో సంగతి గమనించండి. సివిల్ పనుల్లో చాలావరకు ఒకదాని మీద ఒకటి కప్పుకుంటూ పోతయ్. ఫుటింగ్ (పునాది దిమ్మె) మీద మట్టి, రాడ్ మీద కాంక్రీటు, గ్రావెల్ మీద కంకర, కంకర మీద తారు. కప్పేశాక కింద ఏముందో కంటికి కనపడదు. దొంగతనానికి ఇంతకంటే అనువైన సరుకు ఇంకోటి ఉండదు.

లెక్క చూడండి. 1 కిలోమీటరు రోడ్డు, 3.75 మీటర్ల వెడల్పు, పైన తారు పొర 40 మిల్లీమీటర్లు వేయాలి. అంటే 150 ఘనపు మీటర్ల సరుకు. 40కి బదులు 35 వేస్తే కారులో పొయ్యే మీకూ నాకూ తేడా తెలీదు, ఎమ్మెల్యే గారు రిబ్బన్ కట్ చేసేటప్పుడు అసలే తెలీదు. కానీ ఆ 5 మిల్లీమీటర్లకి 18.75 ఘనపు మీటర్లు, దాదాపు 43 టన్నుల తారు మిక్స్ మిగిలిపోద్ది. ఒక్క కిలోమీటరుకే! ఇది పట్టుకోవాలంటే రోడ్డుని కోర్ కట్టర్‌తో బిళ్లలా కోసి తీసి కొలవాలి, వేరే దారి లేదు. మనవైపు నల్లరేగడి నేల కాబట్టి ఇంకో సౌకర్యం కూడా ఉంది, రెండో వానాకాలానికి రోడ్డు పగిలితే "నేల అలాంటిదండీ" అని దాని మీదకి తోసెయ్యొచ్చు. నల్లరేగడి ఉబ్బుద్ది, ఎండితే నెర్రెలిస్తది, అది నిజమే. కానీ ఆ సంగతి తెలిసే కదా ఎస్టిమేట్‌లో కింద పొరల మందం ఎక్కువ పెట్టి డబ్బులు తీసుకుంది.

లీడ్ అని ఒకటుంది, అంటే సరుకు తెచ్చే దూరం. కాగితం మీద గ్రావెల్ 30 కిలోమీటర్ల అవతల క్వారీ నుంచి వస్తది, నిజంగా చూస్తే పక్కూరి చెరువులోంచి వచ్చుంటది. కాలవల పూడికతీత అయితే మరీ అందం. బెజవాడ బ్యారేజీ దగ్గర బయల్దేరే ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, ఎండాకాలం నీళ్లు కట్టేశాక ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, తర్వాత నీళ్లు వదుల్తారు. మొదలెట్టే ముందు లెవెల్స్, అంటే కాలవ అడుగు ఎంత ఎత్తులో ఉందో తీసి రాసుకోకపోతే ఎంత మట్టి తీశారో నీళ్లొచ్చాక దేవుడు కూడా చెప్పలేడు. కృష్ణమ్మే వచ్చి సాక్ష్యం కడిగేస్తది. అందరూ అలాగే చేస్తారని నేననట్లేదు, చేసినా పట్టుకోవడానికి ఏమీ మిగలదని చెప్తున్నా.

సరే, నా సంగతి. ఇరవై ఏడేళ్ల కింద, విజయవాడలోనే ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తున్నా. ఏదో గవర్నమెంటు బిల్డింగు, ఫుటింగులు పోస్తున్నారు. కాంక్రీటు పోసినప్పుడల్లా అదే మిక్సులోంచి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లలో ఉంచి, 7 రోజులకీ 28 రోజులకీ ల్యాబులో పగలగొట్టి బలం చూడాలి. పోసింది 6 నుంచి 15 ఘనపు మీటర్లయితే రెండు శాంపిళ్లు తీయాలి, ఒక్కోదానికి మూడు క్యూబులు, కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెప్పేది ఇదే. మా సైట్లో ల్యాబు క్యూబులు వేరే ఉండేయి. ఒక పక్కన తట్టలో ఒకటికి రెండు పాళ్లు సిమెంటు కలిపి మేస్త్రీ శ్రద్ధగా పోసి పెట్టేవాడు, అవి ఎప్పుడు పగలగొట్టినా రిజల్టు బ్రహ్మాండంగా వచ్చేది. ఒక ఫుటింగు పోసిన రోజు నేను సైట్లోనే లేను, మా చెల్లి నిశ్చితార్థానికి తెనాలి వెళ్లా. రెండ్రోజుల తర్వాత వస్తే రిజిస్టర్ ముందు పెట్టి "క్యూబులు నీ సమక్షంలో తీసినట్టు సంతకం పెట్టు బాబూ" అన్నారు. పెట్టేశా. ఎవరూ నాకు రూపాయి ఇవ్వలేదు. ఆ సాయంత్రం అందరితో పాటు నాక్కూడా పునుగులూ టీ వచ్చినయ్, అంతే.

ఆ బిల్డింగు ఇప్పటికీ నిలబడే ఉంది, అటువైపు వెళ్లినప్పుడల్లా చూస్తుంటా. నిలబడి ఉండటమే అసలు చిక్కు. ఎందుకు నిలబడిందంటే డిజైన్‌లో మేం సేఫ్టీ ఫ్యాక్టర్లు పెడతాం. వచ్చే బరువుని 1.5తో హెచ్చిస్తాం, కాంక్రీటు బలాన్ని 1.5తో, స్టీలు బలాన్ని 1.15తో భాగిస్తాం. మనకి తెలియని వాటి కోసం ఈ జాగ్రత్త. భూకంపం రావొచ్చు, నేల దిగొచ్చు, పైన ఎవడో వాటర్ ట్యాంకు కట్టొచ్చు. విజయవాడని భూకంపాల కోడ్ ఐఎస్ 1893 2016 మ్యాపులో జోన్ 3లో పెట్టారు, ఊరికే పెట్టలా. సిమెంటు తగ్గించినవాడు, రాడ్డు తగ్గించినవాడు, క్యూరింగ్ (కాంక్రీటుని తడిపి ఉంచడం) ఎగ్గొట్టినవాడు అందరూ తినేది ఈ ఫ్యాక్టర్నే. ఒక్కడు తింటే ఏం కాదు, "చూశావా, ఏమైందిప్పుడు?" అంటాడు, ఆ మాట నిజమే, ఆ నిజం చూసి రెండోవాడు తింటాడు, తర్వాత మూడోవాడు. ఒకడు తిన్నది ఇంకొకడికి తెలీదు.

అందరూ కలిసి తినేస్తే ఎలా ఉంటదో సియోల్‌లో చూశారు. 1995 జూన్ 29న సంపూంగ్ అనే పెద్ద షాపింగ్ మాల్ నిమిషంలోపే కూలిపోయింది, 502 మంది చచ్చిపోయారు. మొదట అనుకున్న ప్లాన్ మార్చేశారు, ఒక అంతస్తు ఎక్కువ వేశారు, స్తంభాల సైజు తగ్గించారు, పైన భారీ ఏసీ యూనిట్లు పెట్టారు. ఈ మార్పులకి సంతకాలు పెట్టడానికి లంచాలు తీసుకున్న సిటీ ఆఫీసర్లకి తర్వాత జైలు శిక్షలు పడ్డయ్. ఒక్కో మార్పుని విడిగా చూస్తే ఏదో సర్దుకుపోద్దిలే అనిపించేదే.

మరి గవర్నమెంట్లు ఏమీ చేయలేదా అంటే చేశాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు వచ్చినయ్, టెండర్ బాక్సుల దగ్గర రౌడీల కాపలా పోయింది, అది మామూలు మార్పు కాదు, పాతవాళ్లని అడగండి చెప్తారు. 2019లో రివర్స్ టెండరింగ్, అంటే వచ్చిన రేటు కంటే ఇంకా తగ్గించడానికి మళ్లీ పోటీ పెట్టడం తెచ్చారు, 100 కోట్లు దాటిన టెండర్లకి ముందే జడ్జి గారు చూసే చట్టం తెచ్చారు, 2024లో గవర్నమెంటు మారాక రివర్స్ టెండరింగ్ తీసేశారు. ఏది మంచిది ఏది కాదు అనే గొడవలోకి నేను వెళ్లను, అది పార్టీల పంచాయితీ. నాకు కనపడేది ఒకటే. ఇవన్నీ టెండర్ దగ్గర పెట్టిన తాళాలు. అక్కడ తాళం మీద తాళం వేసుకుంటూ పోయాం, సైటు దగ్గర తలుపే లేదు.

పైగా టెండర్ గట్టిగా బిగించినకొద్దీ సైటు దగ్గర ఒత్తిడి పెరుగుద్ది. పోటీలో ఎస్టిమేట్ మీద బాగా లెస్‌కి (తక్కువ రేటుకి) వేసి ఎల్1, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు అయినోడు ఆ రేటుకి నిజంగా చేయగలడా? కొందరు చేస్తారు, సొంత క్రషర్, సొంత టిప్పర్లు ఉన్నోళ్లు. మిగతావాళ్లు ముందే లెక్కేసుకుంటారు, మందంలో ఎంత, సిమెంటులో ఎంత, సప్లిమెంటరీ ఐటెమ్స్ (ఎస్టిమేట్‌లో లేని అదనపు పనులు) పెట్టించి ఎంత రాబట్టొచ్చు అని. కాంట్రాక్టర్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి, అందర్నీ దొంగలంటే అన్యాయం. పని అయిపోయి నెలలు గడిచినా బిల్లు రాదు, బయట నుంచి తెచ్చిన డబ్బుకి మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటది, ఆ టైంలో "మీ బిల్లు ముందు పెట్టిస్తాం" అని ఎవడన్నా అంటే ఇవ్వకుండా ఎలా ఉంటాడు? బిల్లు టైముకి ఇవ్వకపోవడం కూడా అవినీతిని పెంచే ఎరువే. క్లిట్‌గార్డ్ అనే అమెరికా ఎకనమిస్టు దీన్ని ఒక చిన్న లెక్కగా రాశాడు: ఒక్కడి చేతిలోనే పవరు, దానికి తోడు వాడి ఇష్టం, అందులోంచి జవాబుదారీ తీసేస్తే మిగిలేది అవినీతి. బిల్లు సీరియల్ ఎవరిది ముందో తేల్చే సీటుకి ఈ లెక్క ఎంత కరెక్టుగా సరిపోద్దో చూడండి.

చట్టం సంగతి చూద్దాం, దీని మీద చాలామందికి అపోహలున్నయ్. 1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో మార్చారు. లంచం తీసుకుంటే 3 నుంచి 7 ఏళ్లు జైలు. ఇవ్వడం కూడా నేరమే, అయితే బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోపు వెళ్లి చెప్తే కేసు ఉండదు. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి వాళ్లు చెప్పినట్టు ఇస్తే దాన్నే ట్రాప్ అంటారు, ఇచ్చినవాడికి భయం లేదు, ఫోన్ నంబర్ 1064. ట్రాప్‌లో నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ రాస్తారు, పట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తది. మా ఇంజనీర్లకి ఈ ఫినాఫ్తలీన్ పాత ఫ్రెండే, పాత బిల్డింగుల్లో కాంక్రీటు పెచ్చు కొట్టి దాని మీద ఇదే చల్లుతాం, గులాబీ రంగొస్తే లోపల రాడ్డుకి ఇంకా రక్షణ ఉన్నట్టు, రంగు రాకపోతే కార్బొనేషన్ అయిపోయినట్టు, అంటే గాలి సోకి ఆ రక్షణ పోయినట్టు. ఒకచోట గులాబీ రంగు ఆరోగ్యం, ఇంకోచోట సస్పెన్షన్!

ఈ చట్టంలో పెద్ద కంత ఏంటంటే ఇది ముఖ్యంగా పబ్లిక్ సర్వెంట్ల చుట్టూ తిరిగేది. ప్రైవేటు కంపెనీలో పర్చేజ్ చూసే ఇంజనీరు స్టీలు సప్లయరు దగ్గర కమిషన్ తింటే ఈ చట్టం కింద కేసు పెట్టలేరు, మోసం, నమ్మకద్రోహం లాంటి మామూలు సెక్షన్లు వెతుక్కోవాలి. ఇంకో కంత దీనికంటే పెద్దది. డాక్టరు తప్పుచేస్తే రిజిస్ట్రేషన్ తీసేసే మెడికల్ కమిషన్ ఉంది, లాయరుకి 1961 చట్టం కింద బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టుకి 1972 చట్టం ఉంది. ఇంజనీరుకి? అలాంటి చట్టమే రాలేదు, డ్రాఫ్టులు వస్తయ్, పోతయ్. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉంది, దానికో నీతి నియమావళి కూడా ఉంది, కానీ అందులో మెంబరు కాకపోయినా ఎవరైనా ఇంజనీరుగా బతికెయ్యొచ్చు. మనకి నీతి గుర్తొచ్చేది సెప్టెంబరు 15న, విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేసి ఆయన రెండు కొవ్వొత్తుల కథ ఇంకోసారి చెప్పుకునేటప్పుడు. సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్నాడంట, నిజమో కాదో నాకైతే పట్టింపు లేదు, ఆ కథ విన్న మర్నాడు ఎంతమంది టేపు పట్టుకుని సైటుకెళ్తున్నారు అనేదే నా బాధ.

మరి ఎదురుతిరిగి చెప్పినోడికి ఏమవుద్ది? సత్యేంద్ర దూబే పేరు విన్నారో లేదో. ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ చదివి నేషనల్ హైవేస్‌లో చేరి, జార్ఖండ్ కోడెర్మా దగ్గర స్వర్ణ చతుర్భుజి రోడ్డు పని చూసేవాడు. పెద్ద కంపెనీలు కాంట్రాక్టు తీసుకుని కిందకి చిన్నవాళ్లకి సబ్ ఇచ్చేస్తున్నాయని, నాసిరకంగా చేస్తున్నారని నేరుగా ప్రధానమంత్రి ఆఫీసుకి రాశాడు, తన పేరు బయటపెట్టొద్దని కూడా అడిగాడు. ఆ ఉత్తరం ఆయన పేరుతో సహా డిపార్ట్‌మెంట్లు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపేశారు. సీబీఐ అది దోపిడీ హత్య అంది, ముగ్గురికి శిక్ష పడింది, చాలామంది ఆ మాట నమ్మలేదు. దాని తర్వాతే 2004లో సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి పేరు గోప్యంగా ఉంచి ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది, అదీ కేంద్ర ఉద్యోగుల వ్యవహారాలకే. విజిల్ బ్లోయర్ల చట్టం 2014లో పాసైంది గానీ అమల్లోకి తేలేదు. అందుకే కుర్రాళ్లకి హీరోలు అవ్వమని నేను చెప్పను. పెళ్లాం పిల్లలుంటారు, హోమ్ లోన్ ఉంటది.

హీరోలు కాకుండా పని జరిగే దారి ఉందా? ఉంది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఎకనమిస్టు ఇండోనేషియాలో 608 ఊళ్లలో రోడ్ల పనుల మీద చేసిన స్టడీ ఒకటుంది, 2007లో అచ్చయింది. రోడ్లు అయిపోయాక ఇంజనీర్లని పంపి తవ్వించి, ఎంత సరుకు వేశారో కొలిపించి, కాగితం మీద రాసిన ఖర్చుతో పోల్చాడు. కొన్ని ఊళ్లకి ముందే చెప్పారు, మీ రోడ్డుకి ఖచ్చితంగా గవర్నమెంటు ఆడిట్ వస్తదని. మామూలుగా ఆడిట్ వచ్చే అవకాశం వందలో నాలుగు. ఖచ్చితంగా వస్తదన్న ఊళ్లలో మాయమైన డబ్బు 8 శాతం పాయింట్లు తగ్గింది. ఊరి జనాన్ని మీటింగులకి పిలిచి అడగమంటే వచ్చిన ఫలితం దీంతో పోలిస్తే చాలా తక్కువ. ఇంకో తమాషా, ఆడిట్ ఖాయం అనేసరికి డబ్బు తినడం తగ్గించి సొంతవాళ్లకి ఆ పనిలో కూలి ఇప్పించడం పెంచారంట, మనుషులు ఎక్కడైనా మనుషులే. ఇందులో నాకు నచ్చిందేంటంటే ఆ ఊళ్ల మనుషుల గుణం మారలేదు, తర్వాత ఎవడో వచ్చి తవ్వుతాడని తెలిసింది, అంతే.

మన దగ్గరా తవ్వే హక్కు ఉంది, వాడేవాళ్లే తక్కువ. 2005 సమాచార హక్కు చట్టం అంటే కాగితాలు అడగడమే అనుకుంటాం, సెక్షన్ 2లో సమాచార హక్కుకి ఇచ్చిన అర్థంలోనే పనిని తనిఖీ చేయడం, వాడిన సరుకు శాంపిల్ సర్టిఫై చేయించి తీసుకోవడం కూడా ఉన్నయ్. మీ వీధిలో వేసిన సీసీ రోడ్డు ఎంబుక్ కాపీ అడగండి ముందు. పొడవు, మందం, తేదీ చూడండి. ఆ తేదీన మీ వీధిలో పని జరిగిందో లేదో మీకంటే బాగా ఎవరికి తెలుసు.

మళ్లీ మా వాడి దగ్గరికి వస్తా. చెప్పింది ఇది: "నాన్నా, నువ్వు చూడనిది చూసినట్టు రాయొద్దు. అట్లాగని బిల్లు తొక్కిపెట్టి కూర్చోవద్దు, అదింకో రకం వేధింపు, దానికీ పేరొస్తది. నేను ఛార్జి తీసుకునేటప్పటికే ఈ ఐటెం కప్పేసి ఉంది, కోర్ తీసి మందం తేల్చాక రికార్డు చేస్తా అని డీఈ గారికి ఒక లెటర్ పెట్టు. తిట్టరు, తిట్టినా నోటితో తిడతారు, కాగితం మీద తిట్టరు." కాగితం మీద వద్దని రాయడానికి ఎవరికీ ధైర్యం ఉండదు, నా అనుభవంలో ఇది చాలాసార్లు పనిచేసింది. అన్నిసార్లూ కాదు.

డీఈ గారు వారం రోజులు మాట్లాడలేదంట. తర్వాత ఆయనే "సరే, తీయించు" అన్నాడు. 400 మీటర్ల పొడవు, 1.2 వెడల్పు, ఎస్టిమేట్‌లో బెడ్ 150 మిల్లీమీటర్లు. మూడుచోట్ల కోర్ తీస్తే 118, 131, 141 వచ్చినయ్. సగటు 130, అంటే 72 ఘనపు మీటర్లకి బదులు 62.4. బలం ఫర్వాలేదు, ఎం25 రకం కాంక్రీటుకి ఉండాల్సిన బలంలో కోర్ల సగటు 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు అని కోడ్, అది దాటింది. మా వాడు ఎంత ఉందో అంతకే రాసి బిల్లు పంపాడు. కాంట్రాక్టరు పెద్దగా గొడవ చెయ్యలేదు, ఆయన మేస్త్రీ మీద అరిచాడంట, నిజంగా మేస్త్రీ తప్పో ఆయన చెప్పి చేయించిందో మనకి తెలీదు. మా వాడిని అక్కణ్ణుంచి మార్పిస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు, అదీ జరగొచ్చు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. కోర్ తీసిన మూడు బెజ్జాలూ ఇంకా అలాగే ఉన్నయ్, పూడ్చమంటే కాంట్రాక్టరు "ఎస్టిమేట్‌లో బెజ్జాలు పూడ్చే ఐటెం లేదు సార్" అంటున్నాడంట.